నీళ్లు చవగ్గా ఇస్తే పేదవాళ్లకు మేలు జరుగుతుందా?

నీళ్ల ఛార్జీలు పెంచుతామని ఏ ప్రభుత్వం అన్నా సరే, మర్నాటికల్లా రెండు గొంతులు వినబడతాయి. నీళ్లు ప్రకృతి ఇచ్చినవి, మనిషి హక్కు, వాటికి డబ్బులు అడగడమేంటి అనేది ఒకటి. ఊరికే ఇస్తే ఎవరికీ లెక్క ఉండదు, పారబోస్తారు, ఎవరి ఖర్చు వాళ్లు కట్టుకోవాల్సిందే అనేది రెండోది. రెండింటికీ కాగితం మీద బలం ఉంది. 2010 జులైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సురక్షితమైన తాగునీరు మానవ హక్కు అని తీర్మానం చేసింది. అంతకుముందు, 1992లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు నీటికి ఆర్థిక విలువ ఉందని గుర్తించాలని చెప్పింది. ఛార్జీలు పెంచాలనేవాళ్లు డబ్లిన్ మాటను తరచూ ఎత్తుకుంటారు గానీ, అదే పేరాలో భరించగలిగే ధరకు శుభ్రమైన నీరు అందడం మనుషులందరి ప్రాథమిక హక్కని ముందుగా గుర్తించాలని కూడా రాసి ఉంది. ఆ వాక్యాన్ని మాత్రం వదిలేస్తారు.

నా మటుకు నాకు ఈ వాదన ఇలా సాగినంతకాలం అసలు విషయం పక్కకు పోతూనే ఉంటుందనిపిస్తుంది. ధర ఎంత అని అడిగే ముందు, ఇప్పుడున్న ధర వల్ల లాభపడుతున్నది ఎవరు, నష్టపోతున్నది ఎవరు అని అడగాలి. ఆ లెక్క తీసిన చోటల్లా కనబడేది ఏంటంటే, పేదల పేరు చెప్పి ధర తక్కువగా ఉంచుతారు, ఆ తక్కువ ధరతో ఎక్కువగా బాగుపడేది మాత్రం కలిగినవాళ్లు. అందుకే ఈ పోస్టు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఖర్చు సంగతి. హక్కు అన్నామని ఖర్చు ఎక్కడికీ పోదు. కిలోలీటరు నీళ్లు అంటే వెయ్యి లీటర్లు, బరువులో ఒక టన్ను. ఆ టన్నును వంద మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, పంపులోనూ మోటారులోనూ పోయేది కూడా కలుపుకుని, దాదాపు 0.4 యూనిట్ల కరెంటు కావాలి. ఒక్క ఇంటికే నెలకు పది, పదిహేను టన్నులు కావాలి, నగరంలో అలాంటి ఇళ్లు లక్షల్లో ఉంటాయి, పైగా నది ఎక్కడో పల్లంలో ఉంటుంది. కరెంటు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. ఫిల్టర్ బెడ్లు, పటిక, క్లోరిన్, రోజూ చేసే ల్యాబ్ పరీక్షలు, వాల్వులు తిప్పే మనుషులు, అర్ధరాత్రి పైపు పగిలితే గుంతలోకి దిగేవాళ్లు, రోడ్ల కింద వందల కిలోమీటర్ల పైపులు, వాటికోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ, ఇవన్నీ ఉంటాయి. ఇందులో చాలా భాగం నీళ్లు మీరు వాడినా వాడకపోయినా అయ్యే ఖర్చే. పైపు వేశాక అందులో సగం నీళ్లే పారినా దాని అప్పు సగం కాదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

ఈ ఖర్చును బిల్లు ద్వారా వాడేవాళ్లు కట్టాలి, లేదా పన్నుల్లోంచి అందరూ కట్టాలి. రెండూ చాలకపోతే ఏమవుతుంది? చప్పున ఏమీ కాదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. పోత ఇనుప పైపు డెబ్భై, ఎనభై ఏళ్లు నేలలో పడి ఉంటుంది, కాబట్టి ఈ ఏడాది మరమ్మతు మానేసినా వచ్చే ఏడాది కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. పదేళ్లు మానేసినా వస్తాయి, కాకపోతే ఇరవై నాలుగు గంటలు వచ్చేవి ఆరు గంటలవుతాయి, ఆరు రెండవుతాయి, తర్వాత రోజు విడిచి రోజు అవుతాయి. ఛార్జీలు పెంచకుండా పదేళ్లు గడిపిన నాయకుడికి మంచి పేరు, ఆ తర్వాత కుర్చీలోకి వచ్చినవాడికి పగిలిన పైపులు.

ఇలా సరఫరా దిగజారినప్పుడు జనం ఊరుకోరు కదా, ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకుంటారు. సంపు తవ్విస్తారు, మోటారు పెడతారు, పైన ట్యాంకు కడతారు, ఫిల్టరు కొంటారు, కొనలేనివాళ్లు మరిగించుకుంటారు, అదీ కుదరనివాళ్లు గంటలు గంటలు బిందెలతో నిలబడతారు. ఖాట్మండులో కొందరు ఆర్థికవేత్తలు ఈ ఖర్చులన్నీ కూడి చూసి 2005లో ప్రచురించారు. కుటుంబాలు నీటి సంస్థకు కట్టే నెల బిల్లుకు దాదాపు రెట్టింపు ఇలా సొంత ఏర్పాట్ల మీద పెడుతున్నాయని తేలింది. అంటే బిల్లు మీద కనబడే చవక ధర నిజానికి చవక కాదు, మిగతాది వేరే దారిలో కడుతున్నారు. ఆ వేరే దారిలో పేదవాడు తన సమయం పెడతాడు, ఆరోగ్యం పెడతాడు. నీళ్లు వచ్చే గంట కోసం కూలిపని మానుకునే ఆడవాళ్ల లెక్క ఏ సంస్థ బ్యాలెన్స్ షీటులోనూ ఉండదు. ఈ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇప్పుడు సబ్సిడీ ఎవరికి అందుతోందో చూద్దాం. 2019లో ప్రపంచ బ్యాంకు పది పేద, మధ్యాదాయ దేశాల్లో నీటి సరఫరా, పారిశుధ్యం మీద పెడుతున్న సబ్సిడీలను విడదీసి చూసింది. అందులో 56 శాతం సమాజంలో పైన ఉన్న ఐదో వంతు మందికి చేరుతోంది. అట్టడుగున ఉన్న ఐదో వంతుకు దక్కుతున్నది 6 శాతం. ఎవరో దొంగతనం చేయడం వల్ల ఇలా జరగలేదు, ఏర్పాటే అలా ఉంది. సబ్సిడీ కుళాయిలోంచి వస్తుంది, కాబట్టి కుళాయి ఉన్నవాడికే వస్తుంది, ఎక్కువ వాడినవాడికి ఎక్కువ వస్తుంది. కారు కడిగేవాడికి, తోట తడిపేవాడికి, ఈత కొలను నింపేవాడికి ప్రతి కిలోలీటరు మీదా ప్రభుత్వం డబ్బు జతచేసి ఇస్తోందన్నమాట. పైపు చేరని బస్తీలో ఉన్నవాడు ట్యాంకరు దగ్గరో డబ్బా నీళ్లవాడి దగ్గరో అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొంటాడు. నీటి ధర తగ్గించామని ప్రకటన వస్తే అతనికి ఒరిగేది ఏమీ లేదు. పైగా సంస్థకు ఆదాయం తగ్గింది కాబట్టి అతని వీధికి పైపు వేసే పని ఇంకో ఐదేళ్లు వెనక్కి పోతుంది.

కాబట్టి సబ్సిడీకి చేతిలో ఉన్న డబ్బు కొంచెమే అయితే, నేను మొదట దాన్ని నీటి ధర మీద కాకుండా కనెక్షన్ మీద పెడతాను. పేద కుటుంబానికి నెల బిల్లు కంటే పెద్ద అడ్డంకి మొదటి రోజు కట్టాల్సిన మొత్తం. డిపాజిట్, రోడ్డు తవ్వినందుకు ఛార్జీ, మీటరు ఖరీదు, ప్లంబరు కూలి, ఇవన్నీ కలిసి నెల జీతాన్ని మించిపోతాయి. ఇంటి పత్రాలు చూపమంటే అసలు ఆ మాటే ఎత్తలేరు. సెనెగల్‌లో ఏళ్ల తరబడి సామాజిక కనెక్షన్లు అనే పేరుతో పేద పేటలకు కనెక్షన్ ఖర్చు భరించి పైపులు లోపలికి తీసుకెళ్లారు. ఒక్కసారి పెట్టే ఈ ఖర్చు ఎవరికి అందుతోందో స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే పెద్ద బంగళావాడికి ఎప్పుడో కనెక్షన్ ఉంది, ఇప్పుడు కొత్తగా అడిగేది లేనివాడే.

ఇక శ్లాబుల దగ్గరికి వద్దాం. ప్రపంచమంతా వాడే పద్ధతి ఇదే. తక్కువ వాడితే తక్కువ రేటు, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. వినడానికి ఇంతకంటే న్యాయమైనది లేదనిపిస్తుంది. డేల్ విటింగ్టన్ అనే ఆర్థికవేత్త 1990ల మొదట్లోనే ఇందులో ఒక పెద్ద లొసుగు చూపించారు. అది అంకెల్లో పెట్టి చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు. మొదటి 10 కిలోలీటర్లకు కిలోలీటరుకు ఒక పాలు (అంటే ఒక వంతు), 10 నుంచి 20 దాకా రెండు పాళ్లు, ఆపైన నాలుగు పాళ్లు రేటు అనుకోండి. ఒక కుటుంబం సొంత మీటరు మీద నెలకు 9 కిలోలీటర్లు వాడితే 9 పాళ్లు కడుతుంది. పక్కనే ఒక లోగిలిలో మూడు కుటుంబాలు అద్దెకుంటున్నాయి, అందరికీ కలిపి ఒకటే మీటరు. వాళ్లూ కుటుంబానికి 9 చొప్పునే వాడారు, మొత్తం 27. మొదటి పదికి 10, రెండో పదికి 20, మిగిలిన ఏడుకి 28, వెరసి 58 పాళ్లు. ముగ్గురికీ పంచితే తలా 19 పైచిలుకు. అవే నీళ్లు, అంతే వాడకం, బిల్లు రెట్టింపు దాటింది. అదే రోజు నాలుగు పడకగదుల ఇంట్లో ఒంటరిగా ఉండే వ్యక్తి 9 కిలోలీటర్లు వాడి పేదల రేటు పొందుతాడు. శ్లాబు మీటరును చూస్తుంది, దాని వెనక ఎంతమంది ఉన్నారో దానికి తెలియదు. ఒకే కుళాయి మీద ఇరుగుపొరుగంతా బతికే చోట్ల, ఇంటాయన దగ్గర నీళ్లు కొనుక్కునే చోట్ల, పేదల కోసం పెట్టామన్న శ్లాబే పేదల మీద ఎక్కువ బరువు పెడుతుంది.

ఇంకో లొసుగు ఏంటంటే గీత దాటితే పడిపోవడం. ఢిల్లీలో 2015లో నెలకు 20 కిలోలీటర్లు ఉచితం అన్నారు, కానీ గీత దాటితే దాటినంతకు మాత్రమే కాకుండా మొత్తం వాడకానికి బిల్లు పడేలా పెట్టారు. 20 వాడితే సున్నా, 21 వాడితే మొత్తం 21కి కట్టాలి. ఒక్క కిలోలీటరు తేడాతో నెల బడ్జెట్ తలకిందులయ్యే పద్ధతి ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా దాన్ని న్యాయం అనలేం. ఏడెనిమిది మంది ఉన్న ఉమ్మడి కుటుంబం ఇట్టే గీత దాటేస్తుంది. మొదటి శ్లాబు మరీ పెద్దదిగా పెట్టినా అంతే చిక్కు. 20, 25 కిలోలీటర్ల దాకా చవక రేటు ఇస్తే దాదాపు ఊరంతా అందులోనే ఉంటుంది, అప్పుడది పేదల రాయితీ ఎలా అవుతుంది?

మరి పేదవాడిని పట్టుకునేది ఎలా? కొలంబియా 1994 చట్టంతో ఇళ్లను, పేటలను చూసి ఆరు తరగతులుగా విడదీసింది. కింది మూడు తరగతులకు రాయితీ, పై రెండు తరగతులూ వ్యాపార సంస్థలూ అదనంగా కట్టాలి, నాలుగో తరగతి అసలు ఖర్చు కడుతుంది. బాగానే ఉంది, కాకపోతే ఒకసారి తరగతి వేశాక దాన్ని ఎవరూ మార్చనివ్వరు, ఎక్కువమంది కింది తరగతుల్లోనే ఉండిపోయారు, అదనంగా కట్టేవాళ్లు చాలడం లేదు. చిలీ ఇంకో దారి పట్టింది. 1989లో చట్టం చేసి, నీటి ధరను ఖర్చుకు సమానంగా ఉంచి, పేద కుటుంబాలను సర్వేతో గుర్తించి, మొదటి 15 కిలోలీటర్ల బిల్లులో నాలుగో వంతు నుంచి 85 శాతం దాకా ప్రభుత్వ ఖజానా నుంచి కట్టేలా చేసింది. ఈ పద్ధతిలో నాకు నచ్చిన విషయం, రాయితీ ఖర్చు నీటి సంస్థ నెత్తిన పడదు. పేద కుటుంబానికి నీళ్లిస్తే సంస్థకు పూర్తి ధర వస్తుంది, కాబట్టి పేద పేటకు పైపు వేయడానికి మొహం తిప్పుకోవాల్సిన అవసరం లేదు. ప్రతి పేద కనెక్షనూ సంస్థకు నష్టమే అయిన చోట అధికారులు పైకి ఏం చెప్పినా ఆ వీధి ఫైలు కదలదు. అయితే చిలీ పద్ధతికి మంచి సర్వే కావాలి, ఖజానా నుంచి డబ్బు వేళకు రావాలి. ఈ రెండూ లేనిచోట దీన్ని కాపీ కొడితే సంస్థ రెండేళ్లలో అప్పుల్లో మునుగుతుంది.

ఉచిత నీటికి నేను వ్యతిరేకిని కాను. బతకడానికి కావలసినంత నీరు డబ్బుతో సంబంధం లేకుండా అందాలి, ఇందులో బేరాలు లేవు. దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరం 1990ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతిని దేశం మొత్తం తీసుకుని, 2001 నుంచి ఇంటికి నెలకు 6 కిలోలీటర్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ 6 ఎక్కడి నుంచి వచ్చిందంటే, మనిషికి రోజుకు 25 లీటర్లు, ఇంటికి ఎనిమిది మంది, నెలకు 30 రోజులు. గుణించి చూడండి, సరిగ్గా 6,000 లీటర్లు. ఈ 25 లీటర్లు చాలవు. ఫ్లష్ ఉన్న మరుగుదొడ్డి వాడే ఇంట్లో అసలే చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలంటుంది. అదే దేశంలో జొహానెస్‌బర్గ్ నగరంలో భాగమైన సోవెటోలోని ఫిరీ అనే పేటలో నగర పాలకులు ప్రీపెయిడ్ మీటర్లు పెట్టారు, ఉచిత కోటా అయిపోగానే కుళాయి దానంతటదే ఆగిపోతుంది, డబ్బు వేస్తే గానీ తెరుచుకోదు. అక్కడివాళ్లు కోర్టుకెళ్లారు. కింది కోర్టులు వాళ్ల పక్షాన మాట్లాడినా, 2009లో రాజ్యాంగ న్యాయస్థానం నగరం చేసింది సమంజసమేనని తీర్పిచ్చింది. చట్టం సంగతి న్యాయమూర్తులకు తెలుసు. కానీ కలిగినవాళ్ల పేటల్లో నెలాఖరున బిల్లు ఇచ్చి, గడువు ఇచ్చి, నోటీసు ఇచ్చి, పేదల పేటలో మాత్రం ముందే డబ్బు కట్టించుకోవడం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు.

బిల్లు కట్టకపోతే కనెక్షన్ కోసేయాలా అనేది దీని వెంటే వచ్చే ప్రశ్న. 2014లో డెట్రాయిట్‌లో బకాయిలున్న వేల ఇళ్లకు నీళ్లు ఆపేస్తే, కట్టే స్తోమత లేనివాళ్లకు ఇలా చేయడం మానవ హక్కుల ఉల్లంఘన అని ఐక్యరాజ్యసమితి నిపుణులు తప్పుపట్టారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1999లో చట్టం చేసి నివాసాలకు నీళ్లు ఆపడం పూర్తిగా నిషేధించారు. బకాయిలు వసూలు చేసుకోవాలంటే వేరే మార్గాల్లో చేసుకోవాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. ఆ కారణంగా అక్కడ ఏ సంస్థా మూతపడలేదు. ఫిలడెల్ఫియా 2017లో ఇంకొంచెం ముందుకెళ్లి, ఆదాయం తక్కువున్న ఇళ్లకు బిల్లును వాడకాన్ని బట్టి కాకుండా ఆదాయంలో 2 నుంచి 4 శాతంగా లెక్కగట్టే పథకం పెట్టింది. కట్టగలిగినంత అడిగితే జనం కడతారనే నమ్మకం మీద నడిచే పద్ధతి ఇది. కట్టగలిగి కూడా కట్టనివాళ్లు వేరు, వాళ్ల సంగతి కింద చెబుతాను.

బిల్లులో స్థిర ఛార్జీ (ఎంత వాడినా నెలనెలా మారని మొత్తం) ఎంత ఉండాలి, వాడకం మీద ఎంత ఉండాలి అనేది పైకి చిన్న విషయంలా కనబడుతుంది గానీ సంస్థలు నిలబడేదీ కూలేదీ దీని మీదే. నీళ్లు వాడినా వాడకపోయినా చాలా ఖర్చు తగ్గదని పైన గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. 2018లో కేప్‌టౌన్ నీళ్లు పూర్తిగా అయిపోయే స్థితికి వచ్చింది, ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టారు. జనం నిజంగానే పొదుపు చేశారు, నగరం వాడకం కరువుకు ముందున్న దానిలో దాదాపు సగానికి తగ్గింది. ఆదాయం కూడా దాంతోపాటు పడిపోయింది, ఖర్చు మాత్రం అలాగే ఉంది. ఆ ఏడాది జులై నుంచి పైపు సైజును బట్టి స్థిర ఛార్జీ వేశారు. జనానికి మండిపోయింది. నీళ్లు తగ్గించమన్నారు, తగ్గించాం, అందుకు శిక్షగా ఛార్జీనా అని. వాళ్ల బాధలో న్యాయం ఉంది, నగరం చెప్పిన లెక్కలోనూ తప్పు లేదు. మొదటి నుంచే ఒక మోస్తరు స్థిర ఛార్జీ ఉండి ఉంటే ఆ సమయంలో ఆ గొడవ వచ్చేది కాదు. అలాగని స్థిర ఛార్జీ మరీ పెంచేస్తే తక్కువ వాడే పేద కుటుంబం మీద భారం పడుతుంది, పొదుపు చేసినా బిల్లు తగ్గదు. నా లెక్కలో స్థిర ఛార్జీ పైపు సైజును బట్టి ఉండాలి, సన్నటి అరంగుళం కనెక్షన్‌కు నామమాత్రంగా ఉండాలి, లావుపాటి కనెక్షన్లు తీసుకున్న అపార్టుమెంట్లు, హోటళ్లు, ఫ్యాక్టరీలు అసలు భారం మోయాలి.

ధర పెంచితే వాడకం బాగా తగ్గుతుందనే ఆశ కూడా ఎక్కువ పెట్టుకోకూడదు. తాగడానికి, వంటకి, స్నానానికి వాడే నీళ్లు ధర చూసి మానేసేవి కావు. ఎన్నో దేశాల్లో చేసిన అధ్యయనాల్లో ధర పది శాతం పెరిగితే ఇళ్ల వాడకం సగటున నాలుగైదు శాతానికి మించి తగ్గదు. పేదల ఇంట్లో తగ్గించడానికి ఏమీ ఉండదు. ధర ప్రభావం చూపేది తోటల మీద, కొలనుల మీద. కాబట్టి పొదుపు కోసం రేటు పెంచేది ఉంటే అది పైవాడకం మీదే ఉండాలి.

సరే, ఛార్జీలు పెంచక తప్పని చోట ఏది ముందు, ఏది వెనక? దీనికి నాకు తెలిసిన రెండు కథలు చాలు. బొలీవియాలో కోచబాంబ నగరం నీటి సరఫరాను 1999లో ఒక ప్రైవేటు కూటమికి అప్పగించింది. సరఫరా ఇంకా ఏమీ బాగుపడకముందే, ఎప్పుడో కట్టబోయే ఆనకట్ట ఖర్చు కూడా కలిపి 2000 మొదట్లోనే బిల్లులు ఒక్కసారిగా పెంచారు. అదే కుళాయి, అవే నీళ్లు, బిల్లు మాత్రం తడిసి మోపెడైంది. జనం వీధుల్లోకి వచ్చారు, ప్రాణాలు పోయాయి, ఏప్రిల్‌లో ఆ ఒప్పందం రద్దయింది. కోచబాంబ పేరు చెప్పి ప్రైవేటీకరణ గురించి ఎన్నో వాదనలు జరిగాయి. అవి అవసరమే. నాకు అందులో అంతకంటే సూటిగా కనబడేది, రాబోయే నీళ్లకు ఈ రోజే డబ్బులు అడగడం.

రెండోది నామ్‌పెన్, కంబోడియా రాజధాని. అంతర్యుద్ధం తర్వాత 1993లో ఎక్ సొన్‌చాన్ అనే ఇంజనీరు అక్కడి ప్రభుత్వ నీటి సంస్థ బాధ్యత తీసుకునేనాటికి, శుద్ధి చేసి వదిలిన నీటిలో 72 శాతానికి పైసా రావడం లేదు. కొంత లీకై పోయేది, కొంత దొంగ కనెక్షన్లకు పోయేది, అందులో సొంత సిబ్బందే అమ్ముకునేది కూడా ఉండేది. సరఫరా రోజుకు పది గంటలు. ఆయన మొదట ధర జోలికి పోలేదు. ఎవరికి కనెక్షన్ ఉందో ఇల్లిల్లూ తిరిగి జాబితా రాయించారు, అందరికీ మీటర్లు పెట్టించారు, దొంగ కనెక్షన్ చూపించినవాళ్లకు బహుమతి ఇచ్చారు, నిజాయతీగా పనిచేసిన సిబ్బందికి జీతాలు పెంచారు, తప్పు చేసినవాళ్లను సాగనంపారు. అసలు బకాయిదారులు పెద్దవాళ్లే, అధికారులు, సైన్యంలో ఉన్నతాధికారులు. ఒక జనరల్ ఇంటికి మీటరు పెట్టబోతే తలకు తుపాకీ గురిపెట్టాడని ఆయనే చెప్పేవారు. అయినా వెనక్కి తగ్గలేదు, కట్టనివాళ్ల కనెక్షన్ కోసేశారు. కట్టగలిగి కూడా కట్టనివాళ్లు వేరు అని పైన అన్నది వీళ్ల గురించే. ఇవన్నీ నడుస్తూ, సరఫరా మెరుగవుతూ ఉండగా 1997లో ఒకసారి, 2001లో ఒకసారి ఛార్జీలు పెంచారు. మూడో పెంపు కూడా ముందే అనుకున్నారు గానీ దాని అవసరమే రాలేదు, వసూళ్లు పెరిగి ఖర్చులకు సరిపోయాయి. 2010 నాటికి వృథా 72 నుంచి ఆరేడు శాతానికి దిగింది, నీళ్లు ఇరవై నాలుగు గంటలు వస్తున్నాయి, పేద ఇళ్లకు కనెక్షన్ ఖర్చులో రాయితీ, వాయిదాలు ఇచ్చారు. అంతకుముందు బిందె నీళ్లు కొనుక్కున్న కుటుంబాలకు పెరిగిన ఛార్జీ కూడా పాత ఖర్చు కంటే తక్కువే అయింది.

ఈ కథలో నన్ను కదిలించేది మూడో పెంపు అక్కర్లేకపోవడం. ఎన్ని చోట్ల ఛార్జీల పెంపు పేరుతో అడుగుతున్నది నిజానికి లీకేజీల ఖర్చు! 2019లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏటా 126 బిలియన్ ఘనపు మీటర్ల నీరు డబ్బు రాకుండా పోతోంది, దాని విలువ 39 బిలియన్ డాలర్లు. సగం నీళ్లు నేలలో ఇంకిపోతుంటే, ఆ సగం ఖర్చు కూడా నెలనెలా బిల్లు సక్రమంగా కట్టేవాడి మీద వేయడం అన్యాయం. వృథా ఇంత శాతం వరకే ధరలో కలుపుతాం, అంతకు మించితే సంస్థే భరించాలి అని నియంత్రణ సంస్థ గీత గీయాలి. అప్పుడు గానీ లీకులు వెతికే టీములు రాత్రిపూట బయల్దేరవు.

మీటర్ల గురించి ఒక మాట. కొలవకుండా న్యాయమైన ధర లేదు, ఒప్పుకుంటాను. కానీ రోజుకు రెండు గంటలు నీళ్లిచ్చే చోట మీటరు బిగిస్తే ఏమవుతుందో ఒకసారి దగ్గర నిలబడి చూడండి. వాల్వు తిప్పగానే ముందు నీళ్లు రావు, ఖాళీ పైపులో నిండిన గాలి వస్తుంది. కుళాయి బుస్సుమంటుంది, మీటరులో ఎర్ర ముల్లు గిర్రున తిరుగుతుంది, బకెట్‌లో చుక్క పడి ఉండదు. గాలికి బిల్లు కట్టమంటున్నారని జనం అంటే అందులో అబద్ధం లేదు. అలాంటి పేటలో ముందు సరఫరా వేళలు పెంచి, కనీసం పైపు ఎప్పుడూ నిండుగా ఉండేలా చూసి, ఆ తర్వాతే వాడకం మీద బిల్లు వేయాలి. అందాకా ఇంటి సైజును బట్టి ఒక స్థిర మొత్తం తీసుకోవడమే మర్యాద.

వసూలైన డబ్బు ఎటు పోతోందనేది కూడా ధరలో భాగమే. ఇంగ్లండ్‌లో 1989లో నీటి సంస్థలను అప్పుల్లేకుండా ప్రైవేటుకు ఇచ్చారు. ఐదేళ్లకోసారి ధర నిర్ణయించే నియంత్రణ సంస్థ ఉంది, అయినా మూడు దశాబ్దాల్లో ఆ కంపెనీల అప్పు 60 బిలియన్ పౌండ్లు దాటింది, ఆ కాలమంతా వాటాదారులకు డివిడెండ్లు పోతూనే ఉన్నాయి. పారిస్ 2010లో నీటి సరఫరాను తిరిగి నగరం చేతిలోకి తీసుకుని మరుసటి ఏడాదే ధర 8 శాతం తగ్గించింది. ప్రభుత్వ సంస్థ అయితే చాలని దీని అర్థం కాదు, నీళ్ల బిల్లుల డబ్బు మునిసిపాలిటీ జీతాలకు మళ్లే చోట్లు ఎన్నో. నీటి ఖాతా వేరుగా ఉండాలి, అందులో వచ్చిందెంత, పోయిందెంత ఏటా జనం ముందు పెట్టాలి. ఐర్లండ్‌లో ఇళ్లకు నీటి బిల్లులు వేస్తామని 2014లో కొత్త సంస్థతో మొదలుపెట్టారు. ఎందుకు కడుతున్నామో, ఇప్పటికే పన్నులు కడుతున్నాం కదా అని అడిగినవాళ్లకు సరైన జవాబు రాలేదు. లక్షలమంది కట్టలేదు, 2016లో ఆపేశారు, 2017లో చట్టం చేసి కట్టినవాళ్లకు డబ్బు వెనక్కిచ్చారు.

అందుకే పదేళ్లు ఊరుకుని ఒక్కసారి రెట్టింపు చేయడం కంటే, ఏటా ధరల సూచీని బట్టి కొంచెం కొంచెం సర్దడమే మేలు. అది కూడా సంస్థ సొంతంగా చేసుకోకూడదు. బహిరంగ విచారణ జరగాలి, పైపు లేని పేటల వాళ్లకు కూడా అక్కడ కుర్చీ ఉండాలి, ఎందుకంటే ఛార్జీల సభకు వచ్చేవాళ్లంతా కనెక్షన్ ఉన్నవాళ్లే అయితే వాళ్ల బిల్లు తగ్గించే నిర్ణయమే జరుగుతుంది.

చివరగా ప్రభుత్వ కార్యాలయాల బకాయిలు. చాలా నగరాల్లో నీటి సంస్థకు అతిపెద్ద బాకీదారు ఏ బస్తీవాసో కాదు, ప్రభుత్వ శాఖలే. పోలీసు క్వార్టర్లు, ఆసుపత్రులు, ప్రభుత్వ ఆఫీసులు, ఏళ్ల తరబడి కట్టవు, ఎవరూ అడగరు. ఇంట్లో నాలుగు నెలలు కట్టనివాడికి నోటీసు అంటించే సంస్థ ముందు ఆ జాబితాను శాఖల పేర్లతో సహా తన ఆఫీసు గోడ మీద అంటించాలి, బడ్జెట్‌లో ప్రతి శాఖ నీటి పద్దును నేరుగా సంస్థ ఖాతాకు మళ్లించే ఏర్పాటు చేయించుకోవాలి. ఛార్జీలు పెంచే ప్రతిపాదన ఆ పని పూర్తయ్యాకే బల్ల మీదికి రావాలి.